లోను స్కోరు, షుగర్ స్కోరు

(కదిర్కామంలో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ హాల్లో యానాం వాళ్ళున్నారు, నెల్లూరు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ బదిలీ మీద వచ్చినవాళ్ళున్నారు, ఇక్కడే పుట్టి పెరిగి ఇంట్లో మాత్రం తెలుగు మాట్లాడుకునేవాళ్ళూ ఉన్నారు. అందుకే తెలుగులోనే చెప్పమన్నారు. తమిళ మిత్రులకు టీ దగ్గర విడిగా చెబుతాను, నా తమిళం భరించే ఓపిక వారికుంటే.

నేను డాక్టరును కాను. ఎంబీఏ చదివి, అందులోనూ లెక్కల వైపు మొగ్గి, బ్యాంకులో ఎక్కువ కాలం రుణాల విభాగంలో పనిచేసినవాణ్ణి. కాబట్టి మాత్రలు, ఇన్సులిన్ మోతాదు, కాకరకాయ రసం గురించి నన్ను అడక్కండి. అప్పు అడిగిన మనిషిని అంకెల్లో చూసే పద్ధతి మన దగ్గర ఒకటుంది. అదే పద్ధతితో షుగర్ జబ్బును చూస్తే ఏం కనిపిస్తుంది, ఏది కనిపించకుండా పోతుంది అన్నది ఇవాళ్టి విషయం. షుగర్ అని నేననేది టైప్ 2 గురించి. ఎక్కువగా చిన్నవయసులో మొదలయ్యే టైప్ 1 సంగతి వేరు.

2023 జూన్‌లో లాన్సెట్ వారి మధుమేహ పత్రికలో ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి, 2008 నుంచి 2020 దాకా 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు తిరిగి, 20 ఏళ్ళు దాటినవాళ్ళను 1,13,043 మందిని పరీక్షించారు. దేశం మొత్తం మీద నూటికి 11.4 మందికి షుగర్ ఉంది. అంటే 10.1 కోట్ల మంది. మరో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్‌లో, అంటే గట్టు మీద ఉన్నారు. రాష్ట్రాలవారీగా చూస్తే గోవా 26.4 శాతంతో మొదటి స్థానం. కేరళ 25.5 శాతంతో మూడోది. ఆ రెండింటి మధ్య 26.3 శాతంతో ఉన్నది మన పుదుచ్చేరి. అన్నిటికంటే తక్కువ ఉత్తరప్రదేశ్‌లో, 4.8.

ఈ వరసలో కూర్చున్న నలుగురు పెద్దవాళ్ళను లెక్కపెట్టుకోండి. ఆ అంకె ప్రకారం నలుగురిలో ఒకరు. అది కేంద్రపాలిత ప్రాంతం మొత్తానిది, మన వీధికి ప్రత్యేకంగా తీసింది కాదు, నిజమే. కానీ మనం కూర్చున్న చోటు చూడండి. ఇక్కడే వళుదావూరు రోడ్డు మీద ఇందిరాగాంధీ వైద్య కళాశాల ఉంది. కాస్త దూరంలో గోరిమేడులో జిప్మర్. రెండు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు ఇంత దగ్గర్లో ఉన్న ఊళ్ళు దేశంలో ఎన్నుంటాయి? ఆసుపత్రులు జబ్బు వచ్చాక చూస్తాయి. జబ్బు రావడం, రాకపోవడం చాలావరకు వాటి గేటు బయటే తేలిపోతుంది.

ఈ ప్రీడయాబెటిస్ అన్నమాట మన ఇళ్ళలో చాలామందికి కొత్త. మన బ్యాంకు భాషలో చెబితే అది ఎస్‌ఎంఏ ఖాతా. వాయిదా 90 రోజులు దాటితే ఎన్‌పీఏ అంటాం. దానికి ముందే 30 రోజులకు, 60 రోజులకు ఆ ఖాతా మీద ఒక గుర్తు పెట్టి, ఫోను చేసి, ఇంటికి వెళ్ళి మాట్లాడతాం. ఎందుకంటే ఆ దశలో దారికి తేవచ్చు. ఇక్కడా అంతే. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం గట్టు మీదున్న 531 మందిని తీసుకుని మూడేళ్ళపాటు చూసి, 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహాతో వదిలేసినవాళ్ళలో 55 శాతం మంది షుగర్‌లోకి జారారు. తిండి, నడక మీద వెంటపడి చూసుకున్నవాళ్ళలో 39.3 శాతం. మూడేళ్ళలో సగానికి పైగా జారడం చూస్తే మనవాళ్ళ గట్టు ఎంత సన్ననిదో తెలుస్తుంది. వెంటపడితే ఫలితం ఉందని కూడా తెలుస్తుంది.

మరి ఎవరి వెంట పడాలి? స్కోరు పుట్టేది ఈ ప్రశ్నలోంచే.

మన ఇళ్ళలో షుగర్‌కు రెండే కారణాలు చెబుతాం. వంశంలో ఉంది, లేదా నోటికి అదుపు లేదు. ఒకటి దేవుడి మీదికి, రెండోది ఆ మనిషి మీదికి. మధ్యలో ఇంకేమీ లేనట్టు. ఏ షిఫ్టులో పని, ఎన్ని గంటల నిద్ర, జీతం ఎప్పుడొస్తుంది, ఇంటి దగ్గర నడవడానికి చోటుందా, ఇంట్లో ఆఖరున తినేదెవరు, ఎంత చదువు, ఎంత అప్పు. వీటినే సామాజిక కారణాలు అంటున్నారు. డేటా సైన్స్ అనే పెద్దపేరు పెట్టుకున్న విద్య ఇప్పుడు వీటిని లెక్కలోకి తేవాలని చూస్తోంది. పేరు చూసి బెదరనక్కర్లేదు. వెయ్యిమంది పాత రుణగ్రహీతల వివరాలు ముందు పెట్టుకుని, ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో చూసి, జీతానికి ఇన్ని మార్కులు, ఉద్యోగంలో నిలకడకు ఇన్ని మార్కులు అని తేల్చడం మనకు తెలిసిందే. దానికి లాజిస్టిక్ రిగ్రెషన్ అనే లెక్క వాడతారు. సిబిల్ స్కోరు చూసి లోను అడగడానికి వచ్చే ప్రతి ఖాతాదారుడూ ఇలాంటి లెక్కల గుమ్మం ముందే నిలబడతాడు.

సరిగ్గా అదే లెక్కతో చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం 2005లో ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోరు తయారు చేసింది. రక్తం అక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు చాలు. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. వయసు 35 లోపైతే సున్నా, 35 నుంచి 49 అయితే 20, 50 దాటితే 30. నడుము చుట్టుకొలత ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్ల లోపు, మగవాళ్ళకు 90 లోపు ఉంటే సున్నా. ఆపైన మొదటి పది సెంటీమీటర్ల దాకా 10, అదీ దాటితే 20. వ్యాయామమూ ఉంది, ఒళ్ళు వంచే పనీ ఉంది అంటే సున్నా. రెండింట్లో ఒకటే ఉంటే 20. రెండూ లేకపోతే 30. అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. మొత్తం 60 గానీ ఆపైన గానీ వస్తే ముప్పు ఎక్కువ, వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి. 30 నుంచి 50 వస్తే మధ్యరకం.

మనలాంటి ఒక ఉద్యోగిని తీసుకుందాం. వయసు 46, నడుము 94, రోజంతా కుర్చీ, వ్యాయామం లేదు, తల్లికి షుగర్. 20, 10, 30, 10. మొత్తం 70. చాలామంది నవ్వుతున్నారు, అంటే మనసులో ఎవరి లెక్క వాళ్ళు వేసుకుంటున్నారన్నమాట.

ఇప్పుడు బ్యాంకులో పొద్దున్నే వచ్చి ఊడ్చి, తుడిచి, మళ్ళీ రెండిళ్ళలో గిన్నెలు తోమి వెళ్ళే ఒక ఆవిడను ఊహించుకోండి. వయసు 42, దానికి 20. నడుము 78, సున్నా. పని బరువైనదే గానీ విడిగా వ్యాయామం లేదు, 20. అమ్మానాన్నలకు షుగర్ ఉందా అంటే "ఏమో, ఎప్పుడూ చూపించుకోలేదు సార్" అంటుంది. ఫారంలో "తెలియదు" అనే గడి లేదు. కాబట్టి సున్నా. మొత్తం 40. మధ్యరకం, కంగారు లేదు.

ఆ సున్నా దగ్గర ఒక్కసారి ఆగండి. మన ఉద్యోగికి తల్లి షుగర్ సంగతి ఎలా తెలిసింది? ఆమెకు పరీక్ష జరిగింది కాబట్టి. ఈవిడ తల్లికి జరగలేదు. 2017లో ఇదే ఇండియాబ్ అధ్యయనం 15 రాష్ట్రాల ఫలితాలు ఇచ్చినప్పుడు, షుగర్ ఉన్నట్టు తేలిన 3,938 మందిలో 1,862 మందికి, అంటే 47.3 శాతానికి, తమకు జబ్బున్నట్టు అంతకుముందు తెలియనే తెలియదు. పరీక్ష చేయించుకోలేకపోవడం ఫారంలోకి వచ్చేసరికి "వంశంలో లేదు" అయి కూర్చుంటోంది. ఆశా కార్యకర్తలు 30 ఏళ్ళు దాటినవాళ్ళ కోసం ఇంటింటికీ తెచ్చే ఫారంలో కూడా వయసు, పొగాకు, మద్యం, నడుము, వ్యాయామం, కుటుంబ చరిత్ర ఉంటాయి. మంచి ఫారమే. దాన్ని నింపి ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా పరీక్ష చేయించుకోవడం ఎంతో మేలు. మన మోహన్ గారి స్కోరు కూడా వేలమందికి ముందే హెచ్చరిక ఇచ్చింది. నేననేది అడగని ప్రశ్నల గురించి.

డేటా సైన్స్ నేర్చుకునే పిల్లలు ఈ హాల్లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ళకు "పీమా ఇండియన్స్ డయాబెటిస్" అనే డేటా తెలిసే ఉంటుంది. ప్రపంచంలో ఏ మూల ఈ విద్య నేర్చుకున్నా మొదటి నెలలో ఆ షీటు చేతికిస్తారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని పీమా తెగకు చెందిన, 21 ఏళ్ళు దాటిన 768 మంది ఆడవాళ్ళ వివరాలు. ఎనిమిది గడులు: ఎన్ని కాన్పులు, గ్లూకోజు, రక్తపోటు, చర్మం మందం, ఇన్సులిన్, బరువు-ఎత్తుల నిష్పత్తి, వంశంలో జబ్బు ఎంత బలంగా ఉందో చెప్పే ఒక అంకె, వయసు. చివరి గడిలో షుగర్ వచ్చిందా లేదా. 268 మందికి వచ్చింది. 1988 నుంచి ఈ 768 వరసల మీద ఎన్ని ప్రోగ్రాములు నడిచాయో లెక్కలేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఇన్సులిన్ గడిలో 374 మందికి సున్నా అని ఉంటుంది. రక్తపోటు గడిలో 35 మందికి సున్నా. రక్తపోటు సున్నా అయితే మనిషి బతికి ఉండడు కదా! కొలవని చోట సున్నా వేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఆ సున్నాలను నిజమనుకుని యంత్రానికి తినిపిస్తారు, అదీ తలూపుతుంది. మన దగ్గర కూడా ఆదాయం గడి ఖాళీగా ఉంటే సిస్టమ్ ముందుకు కదలదని ఏదో ఒక అంకె కొట్టే అలవాటు ఉన్న శాఖలున్నాయి. ఏ శాఖలో నేను చెప్పను.

అసలు సంగతి ఆ షీట్లో లేని గడి. ఆ తెగవాళ్ళు తమను తాము అకిమెల్ ఓఓధమ్ అని పిలుచుకుంటారు. అంటే నది మనుషులు. గీలా నది నీళ్ళతో కాలువలు తవ్వి, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకుని బతికినవాళ్ళు. 19వ శతాబ్దం రెండో సగంలో ఎగువన స్థిరపడ్డ తెల్లవాళ్ళు నీళ్ళు మళ్ళించుకున్నారు. నది ఎండింది, సేద్యం పోయింది, కరువు వచ్చింది. తర్వాత ప్రభుత్వం పంచిన మైదా, పంది కొవ్వు, పంచదార మీద బతకాల్సి వచ్చింది. 20వ శతాబ్దంలో ప్రపంచంలోనే అత్యధికంగా షుగర్ ఉన్న జనంగా వాళ్ళ పేరు వైద్య పుస్తకాలకెక్కింది. "వాళ్ళ జన్యువులే అంత" అని చాలాకాలం చెప్పుకున్నారు.

అదే వంశానికి చెందినవాళ్ళు సరిహద్దు అవతల మెక్సికో కొండల్లో మైకోబా అనే ఊళ్ళో ఉన్నారు. పొలం పని, కాలినడక, సొంత పంట. 2006లో ఇద్దరినీ పోల్చి చూస్తే, అమెరికా పీమాల్లో 38 శాతానికి షుగర్ ఉంది, మెక్సికో పీమాల్లో 6.9 శాతానికి. వంశం దగ్గరదే, బతుకు వేరు. ఆ ప్రసిద్ధమైన షీట్లో కాన్పుల సంఖ్య ఉంది, చర్మం మందం ఉంది. నది లేదు. ఆ 768 వరసల్ని ఎంత గొప్ప యంత్రంతో నమిలినా గ్లూకోజు, బరువు, వయసు అనే చెబుతుంది తప్ప నీళ్ళు పోయాయని చెప్పదు. 2004లో అమెరికా పార్లమెంటు చట్టం చేసి ఆ తెగకు నీటి హక్కు కొంత తిరిగి ఇచ్చింది. వైద్యశాఖ చేసిన చట్టం కాదది, నీటిపారుదల చట్టం. నా దృష్టిలో ఆ జబ్బుకు అదీ ఒక మందే.

ఇక గడి ఉన్నా యంత్రం తప్పు చెప్పే సందర్భం ఒకటి చూద్దాం. ఇది మనకు చాలా దగ్గరిది. షుగర్ డబ్బున్నవాళ్ళ జబ్బా, లేనివాళ్ళ జబ్బా? మన పెద్దవాళ్ళు ఠక్కున చెబుతారు, అది కూర్చుని తినేవాళ్ళ రోగం అని. 2017 నాటి ఇండియాబ్ ఫలితాల్లో పల్లెల వరకు ఆ మాటే నిజం. అన్ని రాష్ట్రాల పల్లెల్లోనూ కాస్త కలిగినవాళ్ళలోనే షుగర్ ఎక్కువ. కానీ చండీగఢ్, మహారాష్ట్ర, తమిళనాడు లాంటి ముందున్న ప్రాంతాల పట్టణాల్లో లెక్క తలకిందులైంది. అక్కడ ఆదాయం, చదువు తక్కువున్నవాళ్ళలోనే ఎక్కువ.

ఇప్పుడు పల్లె, పట్నం రెండూ ఒకే షీట్లో పోసి, ఆదాయానికి ఎన్ని మార్కులు వెయ్యాలి అని మన లాజిస్టిక్ లెక్కను అడిగామనుకోండి. పల్లెలో ఆదాయం పెరిగితే ముప్పు పెరుగుతోంది, పట్నంలో తగ్గుతోంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. యంత్రం తాపీగా "ఆదాయానికి షుగర్‌తో పెద్ద సంబంధం లేదు" అని చెప్పే ప్రమాదం ఉంది. నిజానికి రెండు చోట్లా సంబంధం గట్టిగానే ఉంది, దిశలే వేరు. డెసిషన్ ట్రీ అనే మరో పద్ధతి ఇలాంటి చోట బాగా పనికొస్తుంది. అది మన పాతకాలపు ఫీల్డ్ ఆఫీసరులా అడుగుతుంది: ముందు పల్లెనా పట్నమా? పట్నమైతే, అద్దె ఇల్లా సొంతమా? అద్దైతే, పని రాత్రా పగలా? కొమ్మకొమ్మకూ వేరే ప్రశ్న. అలాంటి చెట్లు వందలకొద్దీ పెంచి వాటి మాట సగటు తీస్తే దాన్ని రాండమ్ ఫారెస్ట్ అంటారు. పేరు బాగుంది కదా, అడవి.

పట్నంలో లేనివాళ్ళకే ఎందుకు ఎక్కువ? తట్టాంచావడి, మేట్టుపాళయం పారిశ్రామిక వాడల్లో రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళను పొద్దున్నే మన ఏటీఎం దగ్గర చూస్తుంటాం. ఆ వేళకు చౌకగా కడుపు నిండేది టీ, బన్ను, పూరీ. కూర, పప్పు, గుడ్డు ధర వేరు. పగటి నిద్ర రేకుల ఇంట్లో నిద్ర కాదు. రాత్రి షిఫ్టులకూ టైప్ 2 షుగర్‌కూ సంబంధం ఉందని అనేక దేశాల అధ్యయనాల్లో తేలింది. ఇక పట్నంలో పని మారింది. పల్లెలో ఒళ్ళు వంచిన మనిషి ఇక్కడ యంత్రం ముందు నిలబడి ఉంటాడు, లేదా గేటు దగ్గర కుర్చీలో పన్నెండు గంటలు కూర్చుంటాడు. తిండి పట్నంది అయింది, వైద్యం మాత్రం పల్లెదానిలాగే అందీ అందనట్టు ఉండిపోయింది.

ఇక్కడ మీలో ఎవరైనా అడగొచ్చు. ఇదంతా సంబంధమే కదా, కారణం అని ఎలా చెబుతావు? మంచి ప్రశ్న. గొడుగులు ఎక్కువ కనిపించిన రోజున వాన పడిందంటే గొడుగులు వాన తెచ్చినట్టు కాదు. దీన్ని తేల్చిన పరీక్ష ఒకటి అమెరికాలో జరిగింది. 1994 నుంచి 1998 వరకు అయిదు మహానగరాల పేదవాడల్లోని 4,498 కుటుంబాలను తీసుకుని, లాటరీ వేసి, కొందరికి తక్కువ పేదరికం ఉన్న వాడల్లో అద్దెకు వెళ్ళడానికి వోచర్లు ఇచ్చారు. ఎవరికి తగలాలో లాటరీ తేల్చింది కాబట్టి రెండు గుంపుల మనుషులూ ఒకేలాంటివాళ్ళు. పదేళ్ళ పైన గడిచాక రక్తపరీక్షలు చేశారు. 2011లో వచ్చిన ఫలితాల ప్రకారం, వాడ మారే అవకాశం వచ్చిన ఆడవాళ్ళలో షుగర్ స్థాయి హెచ్‌బీఏ1సీ ఉన్నవాళ్ళు, రాని గుంపుతో పోలిస్తే, నూటికి నలుగురు తక్కువ. ఎవరూ డైట్ చార్టు ఇవ్వలేదు. ఇచ్చింది ఇంటి అద్దె కాగితం.

మన తెలుగునేల మీద కూడా ఇలాంటిది ఉంది, మనవాళ్ళకే తెలియదు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987 నుంచి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు ఒక అధ్యయనం చేశారు. అప్పుడప్పుడే విస్తరిస్తున్న అంగన్‌వాడీ పథకం కొన్ని ఊళ్ళకు ముందు చేరింది, కొన్నిటికి చేరలేదు. చేరిన ఊళ్ళలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు తిండి దొరికింది. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక మళ్ళీ వెతికి పట్టుకుని, 1,165 మందిని పరీక్షించారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. తిండి అందిన ఊళ్ళ పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. ఇన్సులిన్ పనిచేయకుండా మొరాయించే గుణం, అంటే షుగర్‌కు తొలిమెట్టు, వాళ్ళలో 20 శాతం తక్కువ. కడుపులో ఉన్నప్పుడు అమ్మకు ఒక పూట అదనంగా దొరికిన ముద్ద పదిహేనేళ్ళ తర్వాత రక్తంలో కనిపించింది! తర్వాత ఇదే అధ్యయనాన్ని పెద్దవాళ్ళకూ విస్తరించి, ఉపగ్రహ చిత్రాల్లో ఊరి చుట్టూ కట్టడాలు ఎలా పెరిగాయో చూసి, దాన్ని మనుషుల నడుము కొలతలతో, రక్తపోటుతో జోడించి లెక్కలు కట్టారు. డేటా సైన్స్ అంటే నాకు నచ్చేది ఇలాంటి పని. ఆకాశంలోంచి తీసిన ఫొటో, అంగన్‌వాడీ రిజిస్టరు, రక్తం సీసా, మూడూ ఒక వరసలోకి రావడం.

ఇక మన రుణాల విభాగానికి తెలిసిన పెద్ద చిక్కు ఒకటి. మన స్కోర్‌కార్డు ఎవరి డేటాతో తయారవుతుంది? మనం అప్పు ఇచ్చినవాళ్ళ డేటాతో. తిప్పి పంపినవాళ్ళు ఇచ్చి ఉంటే కట్టేవారో లేదో మనకు ఎప్పటికీ తెలియదు. అందుకే స్కోరు మనకు తెలిసిన మనుషుల్నే మళ్ళీ మళ్ళీ మంచివాళ్ళుగా చూపిస్తుంది. ఆసుపత్రి డేటా కూడా అంతే, వచ్చినవాళ్ళదే. రోజు కూలీ వదులుకుని ఓపీ వరసలో నిలబడలేనివాళ్ళు ఆ షీట్లో ఉండరు. అమెరికాలో దీన్ని మించిన సంగతి 2019లో బయటపడింది. ఎవరికి అదనపు వైద్య శ్రద్ధ కావాలో చెప్పే ఒక ప్రోగ్రాం, జబ్బు తీవ్రతకు బదులు వైద్యానికైన ఖర్చును చూసేది. నల్లజాతివాళ్ళ మీద ముందునుంచీ ఖర్చే తక్కువ. కాబట్టి వాళ్ళు ఆరోగ్యంగా ఉన్నారని అది అనుకుంది. కొలమానం సరిచేస్తే అదనపు శ్రద్ధ దక్కాల్సినవాళ్ళలో వాళ్ళ వాటా 17.7 నుంచి 46.5 శాతానికి పెరిగింది. ఆ ప్రోగ్రాం రాసినవాళ్ళకు దురుద్దేశం ఉందని నేను అనుకోను. ఖర్చు కాగితం చేతిలో ఉంది, వాడేశారు. చేతిలో ఉన్న కాగితంతో పని కానిచ్చేయడం మనకూ కొత్త కాదు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇక్కడుంది. లోను స్కోరు, షుగర్ స్కోరు ఒకే లెక్క. కానీ లోను స్కోరు బాగా లేకపోతే మనం ఆ మనిషికి దూరం జరుగుతాం. వడ్డీ పెంచుతాం, హామీ అడుగుతాం, లేదా నమస్కారం పెట్టి పంపిస్తాం. వ్యాపారం కాబట్టి తప్పదు. షుగర్ స్కోరు బాగా లేకపోతే అదే మనిషికి దగ్గర జరగాలి. లెక్క చేసే యంత్రానికి ఈ తేడా తెలియదు. ఎవరి చేతిలో పడితే వాళ్ళు తిప్పినట్టు తిరుగుతుంది. పేదవాడలో ఉంటే ముప్పు ఎక్కువ అని తేలిన అంకెతో ఒక ఆరోగ్య కేంద్రం ఆ వాడలో సాయంత్రం పూట పరీక్షలు పెట్టొచ్చు. అదే అంకెతో ఇంకొకరు ఆ పిన్‌కోడ్ వాళ్ళకు బీమా ప్రీమియం పెంచొచ్చు.

మనకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉంది. మన దగ్గరున్నంత సామాజిక డేటా ఆసుపత్రుల దగ్గర కూడా లేదు. జీతం ఏ తేదీన పడుతుంది, నెలాఖరుకు ఎంత మిగులుతుంది, నగలు ఎప్పుడు తాకట్టుకొచ్చాయి, అన్నీ మనకు తెలుసు. 2015 సెప్టెంబరు నుంచి పుదుచ్చేరిలో రేషన్ బియ్యం బదులు డబ్బు ఖాతాల్లో వేసినప్పుడు ఆ పాస్‌బుక్కులు ముద్రించింది బ్యాంకులే. ఇవన్నీ పోగేస్తే షుగర్ ముప్పు చెప్పే లెక్క ఒకటి తయారు చేయడం కష్టం కాదు. ఈమధ్య ఒక శిక్షణ తరగతిలో ఒక కుర్రవాడు ఉత్సాహంగా అదే అన్నాడు. తెలివైన ఆలోచన, చేయకూడని పని. ఖాతాదారుడు డబ్బు దాచుకోవడానికి ఇచ్చిన వివరం అది. అడగకుండా, చెప్పకుండా వేరే పనికి వాడటం కుదరదని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. చట్టం లేకపోయినా నేను ఒప్పుకోను. కావాలంటే మనిషిని అడిగి, ఒప్పించి, ఎందుకో చెప్పి తీసుకోవాలి. అడిగితే చాలామంది చెబుతారు కూడా. ఇందాక నాలుగు ప్రశ్నలకు మీరందరూ మనసులో జవాబు చెప్పుకోలేదా?

ఇక మన ఇంటి సంగతి. మన బ్యాంకులో ఒక వయసు దాటిన అధికారులకు ఏటా ఆరోగ్య పరీక్షల ఖర్చు ఇస్తారు. మంచిదే, వాడుకోనివాళ్ళు వాడుకోండి. కానీ ఏజెన్సీ ద్వారా వచ్చే గార్డులు, శుభ్రం చేసే ఆడవాళ్ళు, ఏటీఎం కాపలావాళ్ళు ఆ జాబితాలో ఉండరు. వాళ్ళ వయసు, నడుము, నిద్ర మన ఏ రిజిస్టరులోనూ లేవు. రేపు ఎవరైనా "బ్యాంకు సిబ్బందిలో షుగర్" అని లెక్క తీస్తే ఏసీ గదిలో కూర్చున్నవాళ్ళ లెక్కే వస్తుంది. దీని గురించి పై కార్యాలయానికి రాశాం. జవాబు వచ్చేలోగా మన శాఖ వరకు ఒక ఏర్పాటు చేసుకున్నాం. వచ్చే శనివారం పొద్దున ఆరున్నరకు, అంటే వాళ్ళు పనిలోకి దిగకముందే, పరగడుపున రక్తం తీయడానికి ఒక టెక్నీషియన్ వస్తున్నారు. ఖర్చు మనమే తలా కాస్త వేసుకుంటున్నాం. పేర్లు ఇచ్చినవాళ్ళు పదకొండు మంది. పరీక్ష అయ్యాక టిఫిన్ ఏం పెట్టాలో మన ఆడవాళ్ళు నిర్ణయిస్తామన్నారు. పూరీ వద్దని మాత్రం విన్నవించుకుంటున్నాను.

ఫారంలో మోహన్ గారి నాలుగు ప్రశ్నలకు తోడు మేం మరో మూడు చేర్చాం. నిద్ర ఎన్ని గంటలు? రాత్రి డ్యూటీ వారానికి ఎన్నిసార్లు? చివరిసారి రక్తపరీక్ష ఎప్పుడు? అమ్మానాన్నలకు షుగర్ ఉందా అన్నదానికి ఉంది, లేదు, పరీక్షించలేదు అని మూడు గడులు. పదకొండు మంది డేటాతో ఏ యంత్రమూ ఏమీ నేర్చుకోదని నాకు తెలుసు. ఆ కాగితాలు కంప్యూటరులోకి ఎక్కించం. ఎవరిది వాళ్ళకే ఇచ్చేస్తాం, డాక్టరుకు చూపించుకోవడానికి.

ఇవాళ మీ కోసం ఆ తలుపు పక్కన బల్ల మీద కొలత టేపు పెట్టాం. నడుము కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టవద్దు, లోపలికి లాగవద్దు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన మామూలుగా ఊపిరి వదిలి కొలవండి. ఆడవాళ్ళకు లోపల గదిలో విడిగా ఇంకో టేపు ఉంది. మన గార్డుగారు ఇప్పుడు కింద గేటు దగ్గర డ్యూటీలో ఉన్నారు, ఆయన దిగేసరికి రెండవుతుంది. టేపు అప్పటిదాకా బల్ల మీదే ఉంచండి.